రికార్డు లేకపోతే లేదని రాసి, సంతకం పెట్టి ఇవ్వండి

గుంటూరు, ఎన్టీఆర్, కృష్ణా, బాపట్ల, పల్నాడు జిల్లాల్లో జనన మరణాల నమోదు చూసే అధికారులకు, తహసీల్దార్లకు, సబ్ రిజిస్ట్రార్లకు, పంచాయతీ కార్యదర్శులకు, వార్డు సచివాలయాల సిబ్బందికి, వీరందరి పైన ఉన్న జిల్లా యంత్రాంగానికి బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా, నమస్కారం.

మీ మీద ఎంత పని ఉందో చూస్తూనే ఉన్నాను. ఒకే మనిషి పొద్దున పింఛన్లు పంచి, మధ్యాహ్నం సర్వేకి వెళ్లి, సాయంత్రం ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కిస్తున్నారు. అందుకే ఇంతకాలం మామూలు అర్జీలతోనే సరిపెట్టుకున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. తెరిచి చూస్తే, కింది ఆఫీసును సంప్రదించమని ఉంది. ఆ కింది ఆఫీసు పలకనందుకే నేను అర్జీ పెట్టింది. సమాచార హక్కు కింద అడిగితే "సమాచారం అందుబాటులో లేదు" అని ఒక వాక్యం వచ్చింది. అందులో మా అమ్మ పేరు లేదు, ఏ సంవత్సరాల రిజిస్టర్లు వెతికారో లేదు. అందుకని ఈ మాటలు అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

విషయం ఇది. మా అన్నయ్య అమెరికా పౌరుడు. 21 ఏళ్లు దాటిన అమెరికా పౌరులకు తల్లినీ తండ్రినీ శాశ్వత నివాసానికి పిలిపించుకునే హక్కు ఉంది. అన్నదమ్ములనో అక్కచెల్లెళ్లనో పిలిపించుకోవాలంటే ఏళ్లకు ఏళ్లు క్యూలో ఉండాలి. తల్లిదండ్రులకు మాత్రం ఏడాదికి ఇన్నే వీసాలని పరిమితి లేదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ హక్కు లేదు, పౌరులకే ఉంది. అమ్మ కోసం అన్నయ్య ఐ-130 అనే పిటిషన్ వేశాడు, మంజూరైంది. ఇప్పుడు వాళ్ల నేషనల్ వీసా సెంటర్ అమ్మ కాగితాలు అడుగుతోంది: జనన ధ్రువపత్రం, పెళ్లి ధ్రువపత్రం, నాన్న మరణ ధ్రువపత్రం, పోలీసు క్లియరెన్సు. చివరి రెండూ ఇబ్బంది లేకుండా దొరికాయి. మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయాం. అమెరికాలో కదిలిన ఫైలు గుంటూరులో కదలడం లేదు.

మా అమ్మ 1951లో చీరాల దగ్గర పల్లెలో, అమ్మమ్మ వాళ్లింట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టింది. అప్పుడది మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం అయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ అయింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడితే ఆ ప్రాంతం అందులోకి వెళ్లింది. అదే తర్వాత ప్రకాశం జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది. దాని కాగితాలు మాత్రం ఎవరి దగ్గర ఉండాలో ఇవాళ ఎవరూ చెప్పలేకపోతున్నారు.

ఆ రోజుల్లో పుట్టుకలు, చావులు గ్రామ మునసబు రాసేవారు. 1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాత రిజిస్టర్లు మూటలు కట్టి ఎక్కడికి చేరాయో ఆ మూటలు మోసినవారికే తెలియాలి. పంచాయతీలో అడిగితే తహసీల్దార్ ఆఫీసు అంటారు. అక్కడ అడిగితే నమోదు అధికారం పంచాయతీదే అంటారు. ఇంకొకరు, "అది ఇప్పుడు మా జిల్లా కాదమ్మా" అంటారు.

ఒకచోట మాత్రం ఒక గుమస్తా గారు విసుక్కోకుండా బీరువా తీశారు. అంచులు చెదలు తిన్న రిజిస్టర్లు, పేజీ తిప్పితే వేళ్లకు పొడి అంటుకుంటోంది. 1949 కట్ట తర్వాత 1954 కట్ట ఉంది. మధ్యవి లేవు. "చూశారుగా అమ్మా, లేదు" అన్నారు. "అదే ముక్క రాసివ్వండి సార్" అన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు. "నోటితో ఎన్నిసార్లయినా చెప్తాను. రాసిస్తే రేపు నా మీదకొస్తుంది" అన్నారు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన భయం నిజమైనదే. రిజిస్టర్ పోయిందని రాస్తే ఎలా పోయిందని పైవాళ్లు అడుగుతారు. అందుకే ఈ లేఖ ఆయన ఒక్కరికి కాక, ఆయనకు ఆ భయం లేకుండా చేయగలిగిన మీ అందరికీ రాస్తున్నాను.

చట్టం మా వైపే ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది, 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రిజిస్టర్‌లో వెతికించుకోవచ్చు. నమోదు కనబడకపోతే 'నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్' ఇవ్వడానికి నిబంధనల్లో ఫారం 10 అని ఒక నమూనా కూడా ఉంది. పాతకాలంలో పుట్టినవారికి నమోదు ఉండకపోవచ్చని అమెరికా కాన్సులేటుకూ తెలుసు. లేదని అధికారి ఇచ్చిన పత్రం, దానికి తోడు బడి రికార్డు లాంటి ఆధారాలు పెడితే వాళ్లు చూస్తారు. అమ్మ అయిదో తరగతి రికార్డు షీటు మా దగ్గర ఉంది. పుట్టిన తేదీ ఆ రోజుల్లో అందరికీ వేసినట్టే జూలై 1 అని మాస్టారు వేశారు. పాస్‌పోర్టులోనూ అదే తేదీ. పుట్టుక విషయంలో మాకు కావాల్సింది ఆ ఒక్క ఫారం 10.

ఆ ఒక్క కాగితం రాకపోతే ఏమవుతుందో చెబుతాను. ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. బ్రాడీపేట నుంచి బెంజి సర్కిల్ దాకా ఏ అపార్ట్‌మెంట్‌లో అడిగినా పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది.

1. గడువులు దాటిపోతాయి. వీసా సెంటర్ కబురు పెట్టాక ఏడాదిపాటు మన వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే పిటిషన్‌నే రద్దు చేసే వీలు వాళ్ల చట్టంలో ఉంది. అంతకుముందు, పిటిషన్ పరిశీలించే దశలో అదనపు ఆధారాలు అడిగితే గరిష్ఠంగా 84 రోజులు ఇస్తారు, పొడిగింపు ఉండదు. మన ఆఫీసుల్లో "వచ్చే వారం రండి" అనే మాటకు అక్కడి క్యాలెండర్ ఆగదు. ఇంకో సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. తండ్రికీ తల్లికీ వేర్వేరు పిటిషన్లు వేయాలి, ఒకరి ఫైలులో ఇంకొకరు రారు. ఇద్దరూ ఉన్న ఇంట్లో నాన్నగారి కాగితాలు కుదిరి అమ్మగారివి కుదరకపోతే ఆయనకు వీసా వచ్చేస్తుంది, దాని గడువు మామూలుగా ఆరు నెలలు మించదు. నలభై ఏళ్లు కలిసి ఉన్న ఇద్దరిలో ఒకరు విమానం ఎక్కాలి, లేదా వచ్చిన వీసా వదులుకోవాలి. ఆ టెన్షన్ ఆ వయసులో పెట్టాల్సింది కాదు.

2. పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఐ-130కి ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. వీసా దరఖాస్తుకు 325, పిల్లల ఆర్థిక హామీ పత్రం పరిశీలనకు 120. ఇద్దరు తల్లిదండ్రులైతే పిటిషన్లు రెండు, వీసా దరఖాస్తులు రెండు. దీనిపైన వైద్య పరీక్షలు, ప్రయాణాలు. ఈ వీసాల ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో కాదు, ముంబయిలో. మోకాళ్లు పట్టేసిన మనిషిని అంత దూరం తీసుకెళ్లాక ఒక్క కాగితం తక్కువైందని చీటీ చేతికిచ్చి పంపేస్తే, ఆ కాగితం కోసం మళ్లీ మీ గుమ్మం దగ్గరికే రావాలి.

3. బ్రోకర్లు బతుకుతున్నారు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అన్నింటికంటే ప్రమాదకరమైంది ఇదే. మీ కౌంటర్ దగ్గర "లేదు, రాదు, కుదరదు" అని విని బయటికొచ్చిన వాళ్లను జిరాక్స్ షాపు దగ్గర ఒకరు పలకరిస్తారు. "అసలు సర్టిఫికెట్టే తెప్పిస్తాం, పాత తేదీతో, సీలుతో సహా" అంటారు. నన్నూ అడిగారు. అమెరికా చట్టంలో అబద్ధపు పత్రంతో వీసా కోరితే అది మోసం కిందికి వస్తుంది, ఆ మనిషి మీద జీవితాంతం నిషేధం పడవచ్చు. ఆ కాగితం ఎవరు తెచ్చారని వాళ్లు అడగరు, దరఖాస్తు మీద సంతకం ఎవరిదో చూస్తారు. ఏమీ తెలియని డెబ్బై ఏళ్ల తల్లి మోసగత్తె అనిపించుకుని పిల్లల దగ్గరికి వెళ్లే దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. చట్టబద్ధంగా, నిజాయితీగా, ఉచితంగానో నామమాత్రపు రుసుముకో దొరకాల్సిన ఫారం 10 దొరకకపోబట్టే ఈ వ్యాపారం నడుస్తోంది.

కొంతమంది అధికారులు మంచి మనసుతోనే, "ఫారం 10 ఎందుకమ్మా, ఇప్పుడు కొత్తగా నమోదు చేయించుకోండి" అంటున్నారు. ఏడాది దాటిన పుట్టుకకు మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి ఆ అధికారం జిల్లా మెజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటుకు, జిల్లా మెజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు వచ్చింది. ఆ దారిలో నెలలు గడుస్తాయి. తీరా డెబ్బై ఏళ్ల తర్వాత నమోదైన పుట్టుకను కాన్సులేటు అనుమానంగానే చూస్తుంది, మళ్లీ పాత ఆధారాలే అడుగుతుంది. ఆ దారి కావాలనుకున్న వారికి ఉండనివ్వండి. ఫారం 10 అడిగినవారిని మాత్రం అటు తోలకండి.

4. పేర్లు కలవవు. తల్లి కోసం పిటిషన్ వేసే కొడుకు తన జనన ధ్రువపత్రంలో ఆ తల్లి పేరు చూపించాలి. మా అన్నయ్య 1975లో గుంటూరు కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో పుట్టాడు. నమోదులో "మగ శిశువు" అని ఉంది, పేరు గడి ఖాళీ. బారసాల చేసేది పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో అయితే ఆసుపత్రి నుంచి వెళ్లే కాగితంలో పేరు ఎక్కడి నుంచి వస్తుంది? తల్లి పేరు దగ్గర పుట్టింటి ముద్దుపేరు, తాతగారి ఇంటిపేరు. రిజిస్టర్‌లో సుబ్బులు, రేషన్ కార్డులో సుబ్బమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ, పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు పూర్తిగా విప్పి రాసిన వెంకట సుబ్బమ్మ: ఇలాంటి తల్లులు మన జిల్లాల్లో వీధికి పదిమంది ఉంటారు. నాలుగూ ఒక్కరేనని మనకు చెప్పాల్సిన పని లేదు. ముంబయిలో కూర్చున్న అమెరికన్ అధికారికి చెప్పాలి. చెప్పలేకపోతే తల్లీబిడ్డలకు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోమనే దాకా వెళ్తుంది. కన్నతల్లిని కన్నతల్లేనని రుజువు చేయమంటే ఆ తల్లికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. చట్టం 15వ సెక్షన్‌లో తప్పులు సరిదిద్దే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది. బిడ్డ పేరు చేర్చడానికి 14వ సెక్షన్ ఉంది. అయినా ఏ ఆధారాలు తెస్తే చేస్తారో ఒక్కో ఆఫీసు ఒక్కో జాబితా చెబుతోంది. అన్నయ్య విషయంలో చివరికి బడి సర్టిఫికెట్లు, అమ్మ తోబుట్టువుల అఫిడవిట్లతో గట్టెక్కాం. అమ్మ తోబుట్టువులు బతికి ఉండబట్టి సరిపోయింది.

5. భర్త పోయిన స్త్రీకి పెళ్లి కాగితం పుట్టదు. మన రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2002లో. అమ్మకు పెళ్లయింది 1973లో. అప్పుడు ఎవరు చేయించుకున్నారు? ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తే దంపతులిద్దరూ రావాలంటారు. నాన్న లేరు. శుభలేఖ ఉంది, పసుపు రంగు తిరిగిన పెళ్లి ఫొటో ఉంది, నాన్న పింఛను కాగితాల్లో భార్యగా అమ్మ పేరు ఉంది. ఇవన్నీ చూసి కూడా, నమోదు చేయలేమని గానీ, మా రికార్డుల్లో ఈ పెళ్లి నమోదు లేదని గానీ ఒక్క ముక్క రాసివ్వలేదు.

6. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఆ వయసులో పెద్దది. 65 ఏళ్లు దాటిన వారికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరే వీలు రావాలన్నా గ్రీన్ కార్డుతో అయిదేళ్లు వరుసగా ఉండాలి. ఇక్కడ ఆగిన ఏడాది అక్కడ ఆ అయిదేళ్ల లెక్కను ఏడాది వెనక్కి నెడుతుంది. విజిటర్ వీసా మీద వెళ్తే సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. మందుల సంచి పట్టుకుని అలా వచ్చిపోయే ఓపిక ఇప్పుడు అమ్మకు లేదు. ఇక్కడ నేను ఉన్నాను కదా అని కొందరు అంటారు. ఉన్నాను, చూసుకుంటాను కూడా. కానీ అక్కడ ఆమెకు కొడుకు ఉన్నాడు, చిన్న కూతురు ఉంది, ఫోనులో తప్ప సరిగా చూడని మనవలున్నారు. కాళ్లు ఆడుతున్నప్పుడే కొన్నేళ్లు వాళ్ల దగ్గర ఉండాలని ఆమె కోరిక. ఎక్కడ ఉండాలో తేల్చుకోవాల్సింది ఆమె. ఒక రిజిస్టర్ కట్ట కనబడకపోవడం వల్ల అది తేలిపోకూడదు.

అందుకని మేము అడుగుతున్నవి ఇవి.

జిల్లా కలెక్టర్లు రాతపూర్వకంగా ఒక సర్క్యులర్ ఇవ్వాలి. నమోదు కనబడలేదని, లేదా ఆ సంవత్సరపు రిజిస్టరే లేదని ఉన్నది ఉన్నట్టు ఫారం 10లో రాసిన ఉద్యోగిని ఆ కారణంతో వేధించకూడదని అందులో స్పష్టంగా ఉండాలి. ఇది జరిగితే సగం సమస్య తీరినట్టే.

దరఖాస్తు ఎక్కడ ఇచ్చినా తీసుకోవాలి. పుట్టిన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో, రిజిస్టర్ ఏ ఆఫీసులో ఉండాలో తేల్చుకోవడం ఆఫీసుల మధ్య పని కావాలి. ఆ కాగితం మోసుకుని గుంటూరు, బాపట్ల, ఒంగోలు తిరగాల్సింది డెబ్బై ఏళ్ల మనిషి కాకూడదు. పదిహేను రోజుల్లో ఫారం 10 అయినా, నమోదు నకలు అయినా చేతికి రావాలి. ఇంగ్లిష్‌లో ఉండాలి. వెతికిన సంవత్సరాలు, ఇచ్చిన అధికారి పేరు, హోదా, తేదీ, కార్యాలయ ముద్ర ఉండాలి. ఊరు పాత జిల్లా, కొత్త జిల్లా రెండూ రాయాలి.

తల్లిదండ్రుల పేరులో తేడాలు సరిచేయడానికి, బిడ్డ పేరు చేర్చడానికి ఏయే ఆధారాలు చాలో ఒకే జాబితా అన్ని ఆఫీసుల గోడల మీద తెలుగులో అంటించాలి.

జీవిత భాగస్వామి చనిపోయినవారి విషయంలో, పెళ్లి నమోదు లేదని సబ్ రిజిస్ట్రార్ పత్రం ఇవ్వాలి. తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో చనిపోయిన వ్యక్తి భార్య అనో భర్త అనో పూర్తి పేరుతో, పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయాలి.

మిగిలి ఉన్న పాత రిజిస్టర్లను ఇంకా పొడైపోకముందే స్కాన్ చేయించాలి. 1977 నవంబరు ఉప్పెనలో మనుషులే కొట్టుకుపోయిన దివిసీమ పల్లెల్లో పుట్టినవారిని పాత రిజిస్టర్ నకలు తెమ్మనడం న్యాయం కాదు. అలాంటి ఊళ్ల జాబితా తయారుచేసి, వారికి వెతుకులాట పేరుతో జాప్యం లేకుండా నేరుగా పత్రం ఇవ్వాలి.

నడవలేని వారి సంతకాలు ఇంటికి వచ్చి తీసుకోవాలి. పింఛను ఇంటి దగ్గర ఇవ్వగలుగుతున్న వ్యవస్థకు ఇది కష్టమేమీ కాదు.

బయటి దేశాల్లో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. పౌరసత్వం వచ్చాక వెతుక్కుందాంలే అనుకోకండి. అమ్మానాన్నలు ఇద్దరూ ఉండగానే పెళ్లి నమోదు చేయించండి. మీ జనన ధ్రువపత్రం తీసి, అందులో అమ్మ పేరు ఎలా ఉందో ఇవాళే చూసుకోండి. బ్రోకర్ తెచ్చే పాత తేదీ కాగితం వద్దే వద్దు.

మా అమ్మ ఫైలుకు వీసా సెంటర్ ఇచ్చిన ఏడాదిలో చాలా భాగం గడిచిపోయింది. దరఖాస్తు, బడి రికార్డు షీటు, పాస్‌పోర్టు నకలు, గుర్తింపు పత్రాలు అన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఫారం 10 ఇవ్వండి. ఇవ్వలేమంటే, ఏ నిబంధన కింద ఇవ్వలేరో అదైనా కాగితం మీద రాసి, పేరు, హోదా, తేదీ వేసి ఇవ్వండి. దాన్ని పట్టుకుని పై అధికారి దగ్గరికో కోర్టుకో వెళ్తాం.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక కూతురు